గానమే ఊతగా – ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్

దీపక రాగం పాడిన తాన్‌సేన్ దేహం తాపంతో దహించుకుపోగా, మేఘ రాగాలాపనతో వాన కురిసి ఆ తాపం చల్లారినదని ఒక కథ తరతరాలుగా ప్రచారంలో ఉన్నది. అది కథ మాత్రమే. కాని వెండితెరపై ఆ తాన్‌సేన్‌కు తన గాత్రాన్ని అందించిన మహాగాయకుని జీవితంలో, సంగీతం రోగికి ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిపే యథార్థం ఒకటి ఉన్నది. ఆయనే ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. ఆ జీవితం తెలుగు నేలపైననే, హైదరాబాదు నగరంలో ముగిసింది.

ఆయన 1902లో పంజాబులోని కసూర్ పట్టణంలో జన్మించారు. తండ్రి అలీ బఖ్ష్ ఖాన్, పినతండ్రి కాలే ఖాన్ ఇద్దరూ గాయకులే. వారి శిక్షణలో ఆయన పటియాలా సంప్రదాయాన్ని ఆకళించుకున్నారు. యౌవనంలో సారంగీ వాయించి, క్రమంగా గాత్రంలో అగ్రస్థానానికి చేరారు. ఒడిలో స్వరమండల్ ఉంచుకొని ఖయాలును, ఠుమ్రీని ఎంత శ్రద్ధతో పాడేవారో, పహాడీ రాగంలో హరినామ భజనను కూడా అంత భక్తితోనే పాడేవారు. ఆయన గానానికి మతభేదం తెలియదు.

1947లో దేశ విభజన జరిగినప్పుడు కసూర్ పాకిస్తానులో చేరింది. కొంతకాలం అక్కడే ఉన్నా, ఆయన మనసు నిలువలేదు. తిరిగి భారతదేశానికి వచ్చి, 1957లో ఇక్కడి పౌరసత్వం పొందారు. 1960లో విడుదలైన మొఘల్-ఎ-ఆజం చిత్రంలో తాన్‌సేన్ పాత్రకు వినిపించే గానం ఆయనదే. ఒక్కొక్క పాటకు ఆయన పుచ్చుకున్న పారితోషికం 25,000 రూపాయలని ప్రసిద్ధి. 1962లో పద్మభూషణ్ పురస్కారం లభించింది.

కీర్తి శిఖరాన్ని అందుకున్న ఆ రోజులలోనే పక్షవాతం ఆయనను కబళించింది. గాయకునికి దేహమే వాద్యం. ఊపిరి, కంఠం, నాలుక ఒక్కటై పలికితేనే స్వరం. అటువంటి దేహం సగం చచ్చుబడినప్పుడు మరొకరైతే మౌనాన్నే ఆశ్రయించేవారేమో. ఆయన పాటను విడువలేదు. కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ ప్రక్కన కూర్చుండి గొంతు కలుపగా, తిరిగి వేదికలెక్కి, జీవితాంతం గానం చేశారు. వ్యాధి పూర్తిగా తొలగలేదు. కాని అది ఆయనను లొంగదీసుకొనలేకపోయింది.

దీనిని అద్భుతంగా భావింపనక్కరలేదు. రోగులకు సంగీతం వినిపించే పద్ధతి ప్రాచీనమైనదే. 1488లో సుల్తాన్ రెండవ బయెజీద్ తుర్కీలోని ఎదిర్నే నగరంలో నిర్మింపజేసిన వైద్యశాలలో మనోవ్యాధిగ్రస్తులకు సంగీతం వినిపించేవారు. మెదడు ఎడమభాగం దెబ్బతిని మాట పడిపోయిన వారిలో కొందరు, పలుకలేని మాటలనే రాగం కట్టి పాడగలుగుతారు. ఈ సత్యం ఆధారంగా 1973లో అమెరికా వైద్యులు పాట ద్వారా మాటను తిరిగి నేర్పే చికిత్సను ప్రకటించారు. రాగం నొప్పిని మరపిస్తుంది, లయ తడబడే అడుగును సరిదిద్దుతుంది, పాట మనసుకు ధైర్యమిస్తుంది. అయితే అది మందుకు బదులు కాదు. పక్షవాతం సోకిన మనిషిని తక్షణం వైద్యశాలకు చేర్చవలసినదే. పాట ఆ తరువాతి ఊతకర్ర.

1968 ఏప్రిల్‌లో హైదరాబాదులోని బషీర్‌బాగ్ మహలులో ఆయన కన్నుమూశారు. దాయరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉన్నది. పైగా ప్రభువుల ఆ మహలు నేడు లేదు. బషీర్‌బాగ్‌లోని ఒక వీథికి మాత్రం ఆ గాయకుని పేరు నిలిచింది.

మంగంపేట ముగ్గురాయి గనులలో గాని, కోడూరు తోటలలో గాని, దినమంతా శ్రమించిన మనిషి ఇంటి ముఖం పట్టినప్పుడు అప్రయత్నంగా ఒక కూనిరాగం తీస్తాడు. ఆ రాగం అతని అలసటను తీసివేయదు, మోయగల శక్తినిస్తుంది. ఉస్తాద్ గారికి సంగీతం చేసిన మేలు కూడా అదే. విద్యార్థి మిత్రులు సంగీతాన్ని కేవలం వినోదంగా భావింపక, కష్టకాలంలో తోడు నిలిచే ఆప్తబంధువుగా ఆదరింతురు గాక.