చదువుల తల్లి పండిత రమాబాయి

ట్రంకుపెట్టెతో హాస్టల్ గడప తొక్కినవాళ్ళం మనం. అలాంటి గడప కూడా లేని ఆడపిల్లల కోసం ఇల్లు కట్టిన తల్లి పండిత రమాబాయి.

ఆమె 1858లో పుట్టింది. ఆడపిల్లకు చదువెందుకని లోకం అంటున్న రోజుల్లో తల్లిదండ్రులే సంస్కృతం నేర్పారు. 1870లలో వచ్చిన కరువులో ఆ తల్లిదండ్రులూ, అక్కా కన్నుమూశారు. అన్నతో కలిసి కాలినడకన దేశమంతా తిరిగింది. 1878లో కలకత్తా పండితులు ఆమెను పరీక్షించి ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదులిచ్చారు. కులం కట్టుబాటు దాటి బిపిన్ బిహారీ అనే వకీలును పెళ్ళాడింది. 1882లో కలరా ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ఆమెకు ఇరవైమూడేళ్ళు. ఒడిలో ఏడాది నిండని మనోరమ. ఇప్పుడు మా వయసూ అంతే!

1883లో ఇంగ్లండులో క్రైస్తవం స్వీకరించింది. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. మరుసటేడు దాన్ని పూణెకు మార్చింది. మతం మారుస్తోందన్న గొడవతో 1893లో పెద్దలు తప్పుకున్నారు, చాలామంది పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోయారు. అయినా తలుపులు మూయలేదు. 1896-97 కరువులో వందలాది ఆడపిల్లల్ని వెంటతెచ్చుకుని పూణె దగ్గరి కేడ్‌గావ్‌లో ‘ముక్తి’లో చేర్చుకుంది. అక్కడ చదువు, ప్రార్థన, నేత, వ్యవసాయం, అచ్చుపని అన్నీ నేర్పేవారు.

తన తర్వాత ముక్తిని చూసుకుంటుందనుకున్న మనోరమ 1921 జూలైలో చనిపోయింది. ఆ దుఃఖంలోనూ మరాఠీ బైబిలు అనువాదం పని వదల్లేదు. 1922 ఏప్రిల్ 5న కేడ్‌గావ్‌లోనే కన్నుమూసింది.

కన్నబిడ్డ పోయినా ఆమె ఇల్లు పిల్లలతో నిండే ఉంది. మన హాస్టల్ గదిలో వెలిగే దీపం కూడా ఎవరో ఒకరు పట్టుబట్టి వెలిగించిందే. దాన్ని మన వెనుక వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అందిద్దాం.