డిగ్రీ లేని పక్షుల మాస్టారు

సలీం అలీ పేరు మనలో చాలామందికి జీకే బిట్‌గానే తెలుసు. నాకూ అంతే. ఆయన జీవితం చదివాక మాత్రం, ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్న మనకి బాగా దగ్గర మనిషనిపించారు.

1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే మేనమామ పెంచారు. ఒకరోజు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో అడగడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్తే, అక్కడి మిల్లర్డ్ గారు దాచిపెట్టిన పక్షులెన్నో చూపించారు. అంతే, జీవితం అటు తిరిగిపోయింది.

యూనివర్సిటీ డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం ఇవ్వలేదు. 1926లో మ్యూజియంలో గైడ్ లెక్చరర్ అయ్యారు. సెలవు పెట్టి బెర్లిన్‌లో స్ట్రెస్‌మన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొస్తే, డబ్బుల్లేవని ఆ పోస్టే తీసేశారు! అప్పుడాయన కిహీం అనే సముద్రపు ఒడ్డు పల్లెకి వెళ్లి గిజిగాడి గూళ్లు చూస్తూ కూర్చున్నారు. ఆ పరిశీలనే ఆయనకి పేరు తెచ్చింది. తర్వాత మన హైదరాబాద్ సంస్థానంలోనూ పక్షుల సర్వే చేశారు. అడవుల్లో తోడుగా తిరిగిన భార్య తెహ్మినా 1939లో ఆపరేషన్ తర్వాత చనిపోయారు. ఆయన ఆగిపోలేదు. 1941లో భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది.

1945లో హిమాలయాలు దాటి మానససరోవరం వెళ్లారు. అందరూ పుణ్యం కోసం వెళ్లే చోటికి ఈయన పక్షుల కోసం వెళ్లారు. సముద్రానికి అంత దూరంలో, 4,500 మీటర్లకి పైన, ఆ సరస్సుల ఒడ్డున సీగల్స్ ఉంటాయంటే నేను మొదట నమ్మలేదు. బ్రౌన్ హెడెడ్ గల్ వేసవిలో అక్కడే గుడ్లు పెడుతుంది. చలికాలం మన తీరానికి దిగుతుంది. అప్పటికి గోధుమరంగు తల తెల్లబడిపోయి, కంటి వెనక నల్లచుక్క ఒక్కటే మిగులుతుంది. అందుకే కొత్తవాళ్లు రెండూ ఒకటే పక్షి అనుకోరు. టిబెట్‌లో గూడు కట్టే చిన్న ఉల్లంకి పిట్టలు కొన్ని కూడా చలికాలం మన బురదనేలలకే వస్తాయి.

1987లో, తొంభై ఏళ్ల వయసులో సలీం అలీ కన్నుమూశారు. అప్పటికి పద్మవిభూషణ్, రాజ్యసభ సీటు అన్నీ వచ్చాయి. ఆ డిగ్రీ గురించి అడిగేవాళ్లే లేరు.

డిసెంబర్‌లో వైజాగ్ బీచ్‌కి వెళ్తే సెల్ఫీకి ముందు ఒకసారి పైకి చూడండి. కంటి వెనక చుక్క కనబడితే, అది మానససరోవరం వైపు నుంచి వచ్చిందేమో.