మాట పడిపోయిన మహా విద్వాంసుడు

హిజ్రీ 488వ సంవత్సరం, అంటే క్రీ.శ. 1095. బాగ్దాద్‌లోని నిజామియా మద్రసా. ఉస్తాద్ విద్యార్థుల ముందు కూర్చున్నారు. ఈ ఒక్కరోజైనా పాఠం చెప్పి వారి మనసు సంతోషపెడదామని ఆయన కోరిక. నోరు తెరిచారు. ఒక్క మాట కూడా బయటకు రాలేదు.

ఆ ఉస్తాద్ మరెవరో కాదు, హుజ్జతుల్ ఇస్లాం బిరుదాంకితులైన ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మతుల్లా అలైహి). ఆయన పేరు మనం జుమా ఖుత్బాలలో ఎన్నోసార్లు విన్నాం. ఆయన గ్రంథాల గురించీ విన్నాం. ఆయనకు వచ్చిన ఈ జబ్బు గురించి మాత్రం మన ఇళ్ళల్లో చెప్పుకోవడం తక్కువ. ఇమామ్ గారు దీన్ని దాచుకోలేదు. తర్వాతి కాలంలో 'అల్ మున్ఖిజ్ మినద్ దలాల్' అనే చిన్న గ్రంథంలో జరిగింది జరిగినట్టు రాసిపెట్టారు. అంతటి పెద్దమనిషి తన బలహీనతను అలా బయటపెట్టడమే మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఆయన ఇరాన్‌లోని ఖురాసాన్ ప్రాంతంలో, తూస్‌లో హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి బతికే పేదవాడని చెబుతారు. ఆయన చనిపోతూ ఇద్దరు కొడుకులు ముహమ్మద్, అహ్మద్‌లను ఒక సూఫీ మిత్రునికి అప్పగించాడు. ఇచ్చిన కొద్దిపాటి డబ్బు అయిపోగానే, ఆ మిత్రుడు పిల్లలను తిండి పెట్టే మద్రసాలో చేర్పించాడు. గజాలీ అక్కడి నుంచి జుర్జాన్, తర్వాత నైషాపూర్ వెళ్ళారు. ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద చదివారు. హిజ్రీ 484 (1091)లో సల్జూఖ్ వజీరు నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్ నిజామియాకు ప్రధాన అధ్యాపకునిగా పంపారు. అప్పటికి ఆయన వయసు సుమారు ముప్ఫై మూడేళ్ళు. మూడు వందల మంది విద్యార్థులు. ఖలీఫా దర్బారులో గౌరవం. పేద ఉన్ని వడికేవాడి కొడుక్కి ఇంకేం కావాలి?

నాలుగేళ్ళు తిరిగేసరికి మనసులో అలజడి మొదలైంది. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యారు. ఆ భయమే కారణమని కొందరు చరిత్రకారులంటారు. అది కొంత నిజం కావచ్చు. ఇమామ్ గారు మాత్రం వేరే సంగతి చెప్పుకున్నారు. తాను చెప్పే చదువు అల్లాహ్ కోసం కాక పేరు కోసం సాగుతున్నదని ఆయనకు తోచింది. అన్నీ వదిలి వెళ్ళిపోవాలని ఉదయం నిశ్చయించుకునేవారు. సాయంత్రానికి ఆ నిశ్చయం చెదిరిపోయేది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. రజబ్ నెల నుంచి ఇంచుమించు ఆరు నెలలు ఇలాగే నలిగారు.

చివరికి మాట పడిపోయింది. ఆ దిగులు కడుపుకూ పాకింది. షోర్వా గుక్క కూడా గొంతు దిగేది కాదు. ముద్ద అరిగేది కాదు. ఒళ్ళు చిక్కిపోయింది. హకీములు వచ్చి చూశారు. ఇది మనసులో పుట్టి శరీరంలోకి దిగిన జబ్బు అన్నారు. ఆ బెంగ తీరితే తప్ప మందులు పనిచేయవని చేతులెత్తేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ రోజు మన ఇంట్లో ఒక కుర్రవాడికి కారణం లేకుండా గుండె దడ వస్తుంది. చేతులు చెమటలు పడతాయి. జనంలోకి వెళ్ళలేడు. ఒక కోడలు వుజూ సరిగా అయిందో లేదోనని పదిసార్లు చేసి నమాజ్ వేళ దాటబెట్టుకుంటుంది. చుట్టుపక్కల వాళ్ళు ఏమంటారు? ఈమాన్ బలహీనమైందంటారు. నమాజ్ చదివితే అదే పోతుందంటారు. ఇమామ్ గజాలీ గురించి ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? ఆయన జబ్బుకు మేము ఈనాటి వైద్యుల పేరు పెట్టబోవడం లేదు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మనిషి నాడి చూడటం మన వల్ల కాదు. అయితే ఆందోళన వ్యాధితో బాధపడేవారు ఈ వర్ణన చదివితే తమ సంగతే అనుకుంటారు.

ఇమామ్ గారు ఇక తన వల్ల కాదని ఒప్పుకున్నారు. నిస్సహాయుని లాగా అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ తర్వాతే పదవినీ సంపదనూ వదలడం తేలికైందని రాశారు. జుల్ ఖాదా నెలలో బాగ్దాద్ విడిచారు. తనకూ పిల్లలకూ సరిపడా ఉంచి మిగిలిన సొమ్ము పంచిపెట్టారు. పిల్లల జీవనం గురించి ఆలోచించాకే ఆయన కదిలారన్నది గమనించాలి. మక్కా వెళ్తున్నానని పైకి చెప్పి, సిరియాకు దారి పట్టారు. నిజం చెబితే వెళ్ళనివ్వరని ఆయన భయం.

దమిష్క్‌లో రెండేళ్ళకు దగ్గరగా గడిపారు. పెద్ద మసీదు మినార్ ఎక్కి తలుపు వేసుకుని పగలంతా ధ్యానంలో ఉండేవారు. తర్వాత బైతుల్ ముఖద్దస్. అటు నుంచి హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి ఉన్న అల్ ఖలీల్ పట్టణం. అక్కడ మూడు ప్రతిజ్ఞలు చేసుకున్నారు: రాజుల దర్బారుకు పోను, రాజుల సొమ్ము ముట్టను, వాదప్రతివాదాలకు దిగను. తనను కుంగదీసినవి ఏవో ఆయనకు బాగా తెలుసు. పిదప హజ్ చేశారు.

ఇంతటితో అంతా నయమై ప్రశాంతత వచ్చేసిందా? లేదు. పిల్లలు రమ్మని కబురు పెడితే సొంత ఊరికి తిరిగి వచ్చారు. ఇంటి బాధ్యతలు, బతుకుతెరువు, కాలంలో వచ్చే ఒడుదొడుకులు ఏకాంతాన్ని చెడగొట్టేవి. నిర్మలమైన స్థితి ఎప్పుడో ఒకప్పుడే దొరికేదని ఆయనే రాసుకున్నారు. అయినా ఆశ వదల్లేదు. అడ్డు వచ్చినప్పుడు ఆగడం, అది తొలగాక మళ్ళీ అదే దారిలోకి రావడం. ఇలా సుమారు పదేళ్ళు! మన వాళ్ళు పది రోజులు మందు వేసుకుని, గుణం కనిపించలేదని డాక్టరును మార్చేస్తారు.

'ఇహ్యా ఉలూమిద్దీన్' అనే నలభై భాగాల మహాగ్రంథం ఈ కాలపు ఫలమే. అందులో భయం గురించి ఆయన చెప్పినది వైద్యుని మాటలా ఉంటుంది. భయం కొరడా లాంటిది, మనిషిని ముందుకు నడిపించినంత వరకే మంచిది. హద్దు మీరితే నిరాశలోకి, జబ్బులోకి, చివరికి మతి చెడేదాకా తీసుకుపోతుందని హెచ్చరించారు. ఇప్పటికే భయంతో కుంగినవానికి ఇంకా భయం బోధించరాదన్నారు. చలువ చేసినవానికి తేనె ఔషధం, వేడి చేసినవానికి అదే తేనె విషం అని పోల్చారు. బద్ధకస్తునికి చెప్పవలసిన మాటను, రాత్రంతా నిద్రలేక తల్లడిల్లేవానికి చెప్పడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. చెడ్డ అలవాటును ఒక్కసారిగా వదల్లేనివానిని మెల్లమెల్లగా మరల్చాలన్నారు. పిల్లవాణ్ణి చదువుతోనే అలసగొట్టి ఆటలు మాన్పిస్తే వాని హృదయం చచ్చిపోతుందన్నదీ అందులోనే ఉంది. వుజూలో వస్వసాకు లొంగి అతిగా పోవడాన్ని కూడా ఆయన తప్పుపట్టారు.

ఇలా ఆలోచించింది ఆయన ఒక్కరే కాదు. బల్ఖ్ ప్రాంతపు అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు (మరణం 934) శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్యగ్రంథం రాశాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మందులు ఇంట్లో ఉంచుకున్నట్టు, ధైర్యమిచ్చే ఆలోచనలను ముందుగానే కూడబెట్టుకోవాలని అందులో సలహా ఇచ్చాడు. మనోవ్యాధికి డాక్టరు దగ్గరకు వెళ్ళడం కొత్త పోకడ అనేవారు ఈ పుస్తకం సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

హిజ్రీ 499 (1106)లో నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టి గజాలీని నైషాపూర్ నిజామియాకు పిలిచారు. ఇమామ్ గారు వెంటనే ఒప్పుకోలేదు. సుఖానికీ, జనం పెట్టే బాధల భయానికీ లోబడి ఇంట్లో కూర్చుంటున్నానా అని తనను తాను ప్రశ్నించుకున్నారు. నమ్మకమైన వారితో సంప్రదించారు. తర్వాత వెళ్ళారు. మాట పడిపోయిన పదకొండేళ్ళకు మళ్ళీ పెద్ద మద్రసాలో పాఠం చెప్పారు.

అక్కడా ఎక్కువ కాలం ఉండలేదు. తూస్‌కు తిరిగి వచ్చి ఇంటి పక్కనే ఒక మద్రసా, ఒక ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకున్నారు. ఖుర్ఆన్ పఠనం, సజ్జనులతో కూర్చోవడం, శిష్యులకు చదువు చెప్పడం. రోజును ఇలా పంచుకున్నారు. అంత వయసులో హదీసులు మళ్ళీ శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. హిజ్రీ 504లో బాగ్దాద్ నిజామియా నుంచి మరోసారి పిలుపు వచ్చింది. ఇక్కడ శిష్యులున్నారు, ఇంటివారున్నారు, అల్ ఖలీల్‌లో చేసిన ప్రతిజ్ఞ ఉంది, రాలేనని జాబు రాశారు. మరుసటి ఏడాది, 1111 డిసెంబరులో, ఒక సోమవారం ఉదయం వుజూ చేసి ఫజ్ర్ నమాజ్ చదివారు. కఫన్ తెమ్మన్నారు. దాన్ని కళ్ళకద్దుకుని, ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారు. తెల్లవారకముందే కన్నుమూశారు.