బోస్టను శీతకాలము

నవాబుపేట, వికారాబాదు ప్రాంతముల వారికి పుష్యమాసపు చలి కొత్త కాదు. అయినను అక్కడ చెరువు నీరు గడ్డకట్టదు. దుప్పటి కప్పుకొని కుంపటి దగ్గర కూర్చున్నచో రాత్రి గడచిపోవును. భీమవరములో పుట్టి మద్రాసు సముద్రపుగాలిలో చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావుకు అంతపాటి చలియైనను తెలియదు. 1923 అక్టోబరు 26న ఆయన బోస్టను నగరమున దిగినాడు. అది చెట్లు ఆకులు రాల్చు కాలము. మరి రెండు నెలలకు అక్కడ సాయంకాలము నాలుగుంపావు ప్రాంతముననే ప్రొద్దు క్రుంకును.

1895 జనవరి 12న జన్మించిన ఈయనకు ఎదురుదెబ్బలు చిన్ననాటి చెలికాండ్రు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. వైద్యకళాశాలలో శస్త్రచికిత్స వేళ ఖద్దరు అంగీ తొడుగుకొన్నందుకు ఆంగ్లాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టాతో బయటపడవలసివచ్చినది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అను సంగ్రహణి వ్యాధితో కొద్దిదినముల తేడాలో కన్నుమూసినారు. అదే వ్యాధి తనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికినాడు. మామగారి సాయము, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయము కూడగట్టుకొని, గర్భవతియైన భార్య శేషగిరిని విడిచి ఓడ ఎక్కినాడు.

హార్వర్డు ఉష్ణమండల వైద్యపాఠశాల చేర్చుకొన్నది గాని విద్యార్థివేతన మీయలేదు. పొట్ట గడచుటకు ఆయన పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రి కూలి కుదిరినాడు. పని రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచుట. స్వదేశమున నాడి పట్టి మందిచ్చుటకు అర్హుడైనవాడు, ఆచారవంతుల ఇంట పెరిగినవాడు, రాత్రి ఆ పాత్రలు కడిగి పగలు పాఠము విన్నాడు. అక్కడ ఉండగనే, తాను కన్నుల జూడని కొడుకు పసితనముననే మరణించిన వార్త అందినది. తిరిగి వచ్చియున్నచో తప్పు పట్టువారెవరు? ఆయన రాలేదు. 1924లో డిప్లొమా పొంది, సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన పరిశోధనలో ప్రవేశించినాడు.

ఫలితములు త్వరగనే వచ్చినవి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును 1925లో ఇద్దరును ప్రకటించినారు. తరువాతి తరముల విద్యార్థులు దానిని ఫిస్కే, సుబ్బారావు పద్ధతి యని ఇద్దరి పేర్లతో నేర్చుకొన్నారు. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిను, 1929లో జీవకణమునకు శక్తినిచ్చు ఎ.టి.పి. వెల్లడి చేసినారు. 1930లో పిహెచ్.డి. వచ్చినది. కాని ఇంత చేసినవానికి హార్వర్డు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలకు తరలిపోయి, రెండేండ్లలో అచ్చటి పరిశోధనాధిపతి యైనాడు.

అచ్చటనే పాతబాకీ ఒకటి తీరినది. 1945లో ఆయన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా పనిచేసినది. ఆ అణువునే కొంత మార్చి చేసిన అమినోప్టెరినుతో బోస్టనులోనే సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగించి, ఆ ఫలితములను 1948లో ప్రకటించినాడు. గోదావరి డెల్టావారికి చిరపరిచితమైన బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందును ఈ బృందము 1947లో కనిపెట్టినది. ఆరియోమైసిను ఆయన నాయకత్వముననే వెలువడినది. ప్రకటనలపై తన పేరుండవలెనన్న పట్టుదల ఆయనకు లేదు. అందువలననే కాబోలు, మనలో చాలమందికి ఆయన మందులు తెలిసినంతగా ఆయన పేరు తెలియదు.

ఈ ధైర్యమునకు మూల్యము ఆయన ఒక్కడే చెల్లించలేదన్న మాట మరువరాదు. చదువు ముగించి కొద్ది సంవత్సరములలో తిరిగివచ్చునని ఇంటివారు నమ్మినారు. శేషగిరి బిడ్డను పోగొట్టుకొని, ఆ దుఃఖము పంచుకొను భర్త ప్రక్కన లేక, ఆంధ్రదేశమున ఎదురుచూచినది. ఆ నిరీక్షణను గూర్చి ఏ శాస్త్రపత్రికయు వ్రాయదు.

నడివయసు దాటిన పిదప ఆయన విమానము నడుపుట నేర్చుకొన్నాడు. ఇరువదియైదు శీతకాలములు గడపినాడు. 1948 ఆగస్టులో, చలి యెరుగని వేసవిరాత్రి, నిద్రలోనే గుండె ఆగి మరణించినాడు. వయసు ఏబదిమూడు. బోస్టనులో దిగిన నాటినుండి ఒక్కసారియైనను స్వదేశమునకు వచ్చియుండలేదు.