బ్రౌన్ దొర బంగళా

ఈ ప్రత్యేక సంచికకు, మనలాగే సర్కారు కొలువు చేసిన ఒక మహనీయుని గురించి వ్రాస్తున్నాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు గారి వద్ద తెలుగు అక్షరాలు దిద్దారు. 1820లో కడపకు వచ్చారు. తరువాత ఇక్కడే బంగళా కొని, పండితులకు, లేఖకులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పోషించారు. జీతం చాలక అప్పుల పాలయ్యారు.

అప్పటికి మన కావ్యాలు తాటాకుల్లో పురుగులు తింటున్నాయి. ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి, లేఖకుల తప్పులు దిద్దించి, పాఠభేదాలు విడిగా వ్రాయించారు. మనుచరిత్ర, వసుచరిత్ర వంటివి అలా పరిష్కారమయ్యాయి. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించారు.

చిరిగిన రిజిస్టరును తిరగవ్రాసే పని మనలో చాలామందికి తెలిసినదే. ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయాలి, దిద్దుబాటు ఉంటే పక్కన చూపి పొట్టి సంతకం చేయాలి. మన తెలివి అందులో కలపకూడదు. ఆయన చేసినదీ అదే.

1834లో ఉద్యోగం పోయి లండన్ వెళ్లినా ఊరకుండలేదు. ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న 2,106 దక్షిణ భారత భాషల గ్రంథాలను మద్రాసుకు పంపే ఏర్పాటు చేశారు. తిరిగి వచ్చి వ్యాకరణం, నిఘంటువులు వెలువరించారు. 1855లో ఇంగ్లండు వెళ్లిపోయి, లండన్‌లో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

ఇంత నిలబెట్టిన మనిషి ఇంటిని మనం నిలబెట్టుకోలేకపోయాము. కడప ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా శిథిలమైపోయింది. స్థలమైనా దక్కిందంటే అది జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పుణ్యం. 2014లో పరమపదించిన ఆయన, ఊరూరా చందాలడిగి అక్కడే గ్రంథాలయం కట్టించారు. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది.

ఇకమీదట ఆ భవనానికి మరమ్మతు చేసినా, విస్తరించినా బ్రౌన్ దొర పద్ధతే పాటించాలని నా మనవి. కూలినది ఎత్తవచ్చు, కొత్తది చేర్చవచ్చు, కాని అది ఎవరి ఇంటి చోటో, అక్కడ ఏ పని జరిగేదో చెరిగిపోకూడదు. తాళపత్రాలకు, పాత పుస్తకాలకు అక్కడ ఎప్పుడూ మొదటి పీట ఉండాలి.

మైదుకూరు నుంచి పని మీద కడప వెళ్లే సభ్యులు ఒక గంట అక్కడ గడపండి. మీ ఇళ్లలో అటకల మీద తాటాకు కట్టలుంటే చెదలకు వదలక, ఆ కేంద్రానికి చేర్చండి.