బిరుదుల వెనుక రుద్రమ

కాకతీయుల కాలంలో మనిషి కంటే ముందు బిరుదు నడిచేది. సేనను నడిపితే సేనాని, ఏనుగుల దళాన్ని చూసుకుంటే గజసాహిణి, రాజు ఇచ్చిన ఊళ్ల ఆదాయంతో సైన్యాన్ని పోషిస్తే నాయకుడు. వీరందరి మీద 1262లో గణపతిదేవుని కూతురు రుద్రమ రాజ్యానికొచ్చింది. ఆడపేరుతో ఏలనిచ్చే రోజులు కావవి. అందుకే శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. సామంతులు కొందరు తిరగబడ్డారు, దేవగిరి యాదవులు దండెత్తి వచ్చారు. అందరినీ ఎదిరించి నిలిచింది, రాయగజకేసరి బిరుదు ధరించింది. పెద్ద వంశాల్లో పుట్టనివారికీ శక్తిని చూసి నాయక పదవులిచ్చింది.

ఆమె మరణం సంగతి చెప్పే శాసనం మన పాత నల్లగొండ జిల్లాలోనే, నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఉంది. రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యం కలగాలని, ఆ నాయకుని సేవకుడు పువ్వుల ముమ్మడి గుడికి భూమి ఇచ్చి, 1289 నవంబరు 27న దాన్ని వేయించాడు. ఏ గొప్ప బిరుదూ లేని మనిషి నిలిపిన రాయి వల్లనే మహారాణి చివరి సంవత్సరం లోకానికి తెలిసింది.

మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలైంది. అదీ ఒక బిరుదే. పేరు వెనుక రాసుకుంటే సరిపోదు, రుద్రమలా పనిలో చూపించాలి, ముమ్మడిలా మేలు మరవకూడదు.