కాటిసీనులో వినబడే గొంతు జాషువాది

కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఏ వైపు పల్లెకు పోయినా హరిశ్చంద్ర నాటకం ఎరగని పెద్దవాళ్లు అరుదు. రాత్రంతా ఆడాక కాటిసీను వస్తుంది. వెనక తెర మీద మండే చితి, పుర్రెలు, మోడుచెట్టు. ముందు కర్ర పట్టుకున్న కాటికాపరి. హార్మోనియం శృతి అందుకోగానే పద్యం లేస్తుంది, జనం కళ్లు తుడుచుకుంటారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవిది. ఆ సీనులో మారుమోగే శ్మశాన పద్యాలు మాత్రం గుర్రం జాషువావి. ఆయన 'స్మశానవాటి' ఖండికలోంచి నటులు తెచ్చుకుని పాడుకున్నారు.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టాడు. తల్లి లింగమ్మ మాదిగ, తండ్రి వీరయ్య యాదవుడు. క్రైస్తవ కుటుంబం. మతం మారినా అంటరానితనం వదల్లేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యం చదివితే, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేశారు. పురాణాలు చదువుతున్నాడని ఇటు క్రైస్తవులూ వెలివేశారు. బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పాడు. గుంటూరులో పంతులుగా పనిచేశాడు. తర్వాత మద్రాసు రేడియోలో ఉద్యోగం చేశాడు. పద్యం ఎవరి సొత్తని చెప్పారో, ఆ పద్యాన్నే పట్టుబట్టి నేర్చి గెలిచాడు.

'స్మశానవాటి'లో ఆయన గీసింది ఒక బొమ్మ. కవి కలం, రాజు ముద్రిక, చిత్రకారుడి కుంచె అన్నీ ఆ బూడిదలోనే కలుస్తాయి. అంటరానితనానికి అక్కడ చోటు లేదంటాడు. చావు అందరిదీ అని చాలామంది కవులు చెప్పారు. కులం పేరుతో అవమానపడినవాడు ఆ మాట చెప్పినప్పుడు అది వేదాంతంగా ఉండదు, నిలదీతగా ఉంటుంది.

ఆ నాటకంలో ఒక మెలిక ఉంది. హరిశ్చంద్రుడు వీరబాహుడికి అమ్ముడుపోయి కొన్నాళ్లు కాటికాపరి అవుతాడు. రాజుకు ఇంత కష్టమా అని జనం ఏడుస్తారు. తరతరాలుగా ఆ పని నెత్తిన పడ్డవాళ్ల కోసం ఏడ్చిందెవరు? చావు కబురు మోసింది, గొయ్యి తవ్వింది, శవం ముందు డప్పు కొట్టింది మాలమాదిగలే. సీను చివర రాజుకు రాజ్యం తిరిగొస్తుంది, వీళ్లకు మరుసటి చావు కబురు వస్తుంది. రాజు నోట ఆ శోకాన్ని పలికించిన కవి ఈ వాడల నుంచే వచ్చాడని చూసేవాళ్లలో ఎందరికి తెలుసు?

1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు విరహంతో మేఘాన్ని పంపాడు. జాషువా నాయకుడు ఆకలితో గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో తన బాధ చెప్పమంటాడు.

తర్వాత గౌరవాలు వచ్చాయి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తన చేత్తో ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు సాహిత్య అకాడమీ అవార్డు, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు. కూతురు హేమలతా లవణం ఆచారం పేరుతో దళిత ఆడపిల్లల్ని బలిపెట్టే జోగిని వ్యవస్థ మీద పోరాడింది. తండ్రి పద్యంలో ఎదిరించిన ఆచారాలను ఆమె ఊళ్లలోకి వెళ్లి ఎదిరించింది.

ఇవాళ్టికీ ఎన్నో ఊళ్లలో దళితుల శ్మశానం వేరు. కొన్నిచోట్ల పూడ్చుకోవడానికి సెంటు భూమి కూడా లేదు, శవంతో రోడ్డు మీద కూర్చుంటే తప్ప అధికారి రాడు. అంటే జాషువా చెప్పిన సమానత్వం కాటిలో కూడా ఇంకా రాలేదు. జయంతికి దండ వేసి ఆ పద్యం పాడేవాళ్లు, ముందు తమ ఊళ్లో శ్మశానాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఒకటే ఉండాలని అడగడమే ఆయనకు నివాళి.